రొయ్య అమ్మాం సరే, వదులుకున్నదెంత?

భీమవరంలో ఆడిటర్ వృత్తి చేసేవాడికి రొయ్య వాసన తగలని లెక్కల పుస్తకం దొరకడం కష్టం. చెరువుల వాళ్లు, మేత డీలర్లు, ఐసు ఫ్యాక్టరీలు, ఎగుమతి ప్లాంట్లు, ఆ ప్లాంట్లకు మనుషుల్ని తోలే కాంట్రాక్టర్లు, అందరి చిట్టాలూ మా బల్ల మీదికే వస్తాయి. సీడు, మేత, మందులు, కరెంటు, డీజిలు, కూలి అంటూ పైసా పొల్లుపోకుండా రాస్తారు. ఒక్క ఖర్చు మాత్రం ఎవరూ రాయరు. ప్రభుత్వమూ అడగదు, నేను నింపే ఏ ఫారంలోనూ దానికి గడి లేదు. ఈ పని చేయడం కోసం ఏ పని మానుకున్నాం, అది చేసుంటే ఎంత వచ్చేది అన్నదే ఆ ఖర్చు. ఆర్థికశాస్త్రం దాన్ని అవకాశ వ్యయం అంటుంది. నిజమైన లాభనష్టాలు తేలేది దాని దగ్గరే.

మా క్లయింటు ఒకాయనకు నాలుగెకరాల సొంత చెరువు ఉంది. అన్నీ పోను ఏడాదికి 3 లక్షలు మిగిలాయని మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"మీ పక్క చెరువు కౌలుకి ఎంతకిచ్చారండీ?" అన్నాను.

"ఎకరం లక్షకండి."

"మీరూ ఇచ్చేసి ఉంటే?"

ఆయన వేళ్ల మీద లెక్కేసుకుని ఊరుకున్నాడు. కౌలుకిస్తే 4 లక్షలు ఇంట్లో కూర్చుంటే వచ్చేవి. పెట్టుబడిగా ఏడాదంతా తిప్పిన 18 లక్షలు బ్యాంకులో పడేసినా 7 శాతం చొప్పున 1.26 లక్షలు వచ్చేవి. అంటే 5.26 లక్షలు వదులుకుని 3 లక్షలు సంపాదించాడు. ఏరేటర్లు ఆగిపోతాయేమోనని అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగినందుకు జీతం ఇంకా కట్టలేదు. "అయితే నష్టపోయానంటారా?" అన్నాడు. "పుస్తకంలో లాభమేనండి" అన్నాను.

ఈ సంగతి రైతులకు తెలియదని కాదు. వరి మద్దతు ధర దగ్గర ఏటా జరిగే పోట్లాట అంతా దీని గురించే. 2025-26కు సాధారణ రకం వడ్లకు కేంద్రం క్వింటాలుకు రూ.2,369 ప్రకటించినప్పుడు సాగు ఖర్చు కింద రూ.1,579 చూపింది. అందులో చేతి నుంచి పెట్టిన డబ్బు, ఇంటిల్లిపాది చాకిరీ ఉన్నాయి. సొంత భూమికి రావలసిన కౌలు, సొంత స్థిర పెట్టుబడికి రావలసిన వడ్డీ లేవు. అవి కూడా కలిపిన లెక్కకే సీ2 అని పేరు. రైతు సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నది ఆ లెక్కనే. వరి దగ్గర ఇంత గట్టిగా అడిగే మాటను ఎగుమతుల దగ్గర, దిగుమతుల దగ్గర, సుంకాల దగ్గర ఎందుకు అడగం? నా పేచీ అంతా ఇదే.

దేశాల మధ్య వ్యాపారానికి ఈ లెక్కను శుభ్రంగా కట్టి చూపించినవాడు డేవిడ్ రికార్డో. లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో బాగా గడించి, ఆ తర్వాత పార్లమెంటుకు వెళ్లిన మనిషి. 1817లో అచ్చయిన తన పుస్తకంలో, విదేశీ వ్యాపారం మీద రాసిన ఏడో అధ్యాయంలో ఆయన ఒక లెక్క వేశాడు. కొంత బట్ట నేయడానికి ఇంగ్లండులో ఏడాదికి 100 మంది కావాలి, దానికి సరితూగే వైను తీయడానికి 120 మంది కావాలి. పోర్చుగల్‌లో అదే బట్టకు 90 మంది, వైనుకు 80 మంది చాలు. రెండు పనుల్లోనూ పోర్చుగల్‌దే పైచేయి. అలాంటప్పుడు అది ఇంగ్లండు దగ్గర దేన్నయినా ఎందుకు కొనాలి?

కొంటేనే దానికి లాభం. 80 మందితో వైను చేసి పంపి, బదులుగా బట్ట తెచ్చుకుంటే, సొంతంగా నేసుకోవడానికి పట్టే 90 మందిలో 10 మంది మిగిలిపోతారు. ఇంగ్లండు 100 మందితో బట్ట నేసి పంపి వైను తెచ్చుకుంటే 20 మంది మిగులుతారు. ఒకరి జేబులోంచి తీసి ఇంకొకరి జేబులో పెట్టిందేమీ లేదు, ఇద్దరికీ మిగిలింది. పోర్చుగల్ తేల్చుకోవలసింది ఇంగ్లండు కంటే తాను గొప్పా తక్కువా అన్నది కాదు. ఒక పీపా వైను కోసం ఎంత బట్ట వదులుకుంటున్నాను, అదే ఇంగ్లండయితే ఎంత వదులుకుంటుంది అన్నది తేల్చుకోవాలి. తక్కువ వదులుకునేవాడు ఆ పని చేయాలి. తులనాత్మక ప్రయోజనం అనే బరువైన మాటకు అర్థం ఇంతే.

ఈ లెక్క పుస్తకంలోనే ఉండిపోయిందనుకుంటే భీమవరం రండి. ఇక్కడి చెరువుల్లో పెరిగే వెనామీ రొయ్య మనది కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. ఈక్వడార్‌కు అది సొంత సరుకు. అక్కడ తెగుళ్లు తక్కువ, చెరువులో పలచగా వదిలి పెంచుతారు, ఖర్చు తక్కువ పడుతుంది. పెంపకంలో వాళ్లు మనకంటే ముందున్నారు, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ రొయ్యలు ఎగుమతి చేసేదీ వాళ్లే. అయినా అమెరికా సూపర్‌మార్కెట్లలో ఒలిచి, శుభ్రం చేసి, నేరుగా మూకుట్లో వేసుకునేలా ఉన్న రొయ్యల పాకెట్లలో చాలా భాగం మన దగ్గరి నుంచి వెళుతుంది. ఈక్వడార్ రొయ్యల్లో పెద్ద వాటా తలతో, పొట్టుతో అలాగే చైనాకు పోతుంది.

కారణం ఏమిటో తెలియాలంటే ప్లాంటు లోపలికి వెళ్లాలి. పొడవాటి స్టీలు బల్లకు రెండు వైపులా ఆడవాళ్లు నిలబడి ఉంటారు. తలకు టోపీ, మూతికి మాస్కు, కాళ్లకు గమ్‌బూట్లు. ఐసు కలిపిన రొయ్యలు క్రేటులోంచి ముందు గుమ్మరిస్తారు. ఎడమ చేత్తో పట్టుకుని తల విరిచి, పొట్టు రెండు మూడు లాగుల్లో ఊడదీసి, వీపు మీద సన్నగా గీసి నల్లటి పేగును మొనతో పైకి లాగేస్తారు. మనం ఒకటి ఒలిచేలోగా వాళ్ల ముందు చిన్న గుట్ట తయారవుతుంది. తోక దగ్గర పొట్టు ఉంచితే ఒక రేటు, మొత్తం తీసేస్తే ఇంకో రేటు. షిఫ్టు అయ్యేసరికి వేళ్లు నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉంటాయి. యంత్రం ఈ పని చేయగలదు గానీ ఇంత శుభ్రంగా, ఇంత తక్కువ తరుగుతో చేయడం దానికి కష్టం.

ఈక్వడార్ 2000 నుంచి అమెరికా డాలర్‌నే తన కరెన్సీగా వాడుతోంది. 2025లో అక్కడ కనీస వేతనం నెలకు 470 డాలర్లు, మన డబ్బులో రమారమి 40 వేలు. మన బల్లల దగ్గర నిలబడే ఆడవాళ్లకు అందులో సగం కూడా రాదు. కాబట్టి వాళ్లు పెంచి పంపడానికి, మనం పెంచి ఒలిచి పంపడానికి సరిపోయాం. రికార్డో లెక్క తు.చ. తప్పకుండా నడుస్తున్నదన్నమాట.

నడుస్తున్నది గానీ, అసలు చేదు ఇక్కడే ఉంది. మన ఒలుపుడు కూలి ఎందుకు చవక? ఆ అమ్మాయి ఈ బల్ల దగ్గరికి రావడానికి వదులుకునేది చాలా చిన్నది కాబట్టి. చెరువులు పడ్డాక నాట్లు, కలుపులు, కోతలు తగ్గిపోయాయి. ఊళ్లో వేరే పని లేదు. ఆమెకు ఇంకో గట్టి దారి లేకపోవడమే మన ఎగుమతికి బలమైంది. దాన్ని చూసుకుని పొంగిపోవలసిన పని లేదు. రేపు ఆమె కూతురు నర్సింగో డిప్లొమానో చదివి ఈ బల్ల దగ్గరికి రానంటే, మన ఒలుపుడు ఖరీదై, ఆ ఆర్డర్లు ఇంకో పేద దేశానికి వెళ్లిపోతాయి. వెళ్లనివ్వాలి. ఒక దేశం బాగుపడటం అంటే అదే. పోర్చుగల్ కథ కూడా ఆ ముచ్చటే చెబుతుంది. 1703లో మెథూయెన్ ఒప్పందం చేసుకుని ఇంగ్లండు బట్టకు తలుపు తెరిచి తన వైను పంపుకుంది. బట్ట చేతపట్టిన ఇంగ్లండు ఆవిరి యంత్రాలు, మరమగ్గాల దాకా వెళ్లింది, వైను నమ్ముకున్న పోర్చుగల్ చాలాకాలం వెనకబడే ఉంది. ఈ ఏటి లెక్కకు లాభసాటిగా ఉన్న పనినే కలకాలం పట్టుకు కూర్చోమని రికార్డో ఎవరికీ చెప్పలేదు.

ఇక రెండో వైపు చూద్దాం. ఎగుమతి అంటే ఘనకార్యమని, దిగుమతి అంటే ఓటమని మనలో చాలామందికి నాటుకుపోయింది. పంపిన రొయ్యను మనం తినం. దానికి బదులుగా వచ్చినదాన్ని తింటాం. మన దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి వచ్చేదే. ఇండోనేసియా, మలేసియాల పామాయిల్ లేకపోతే భీమవరంలో బజ్జీల బండి నడవదు. ఇంట్లో ఉడికే కందిపప్పులో కొంత మయన్మార్ నుంచి, కొంత ఆఫ్రికా తీరం నుంచి వస్తుంది. కందులు కొనడానికి 2016లో మొజాంబిక్‌తో మన ప్రభుత్వం ఒప్పందం కూడా చేసుకుంది. రొయ్య డాలర్లతో పప్పూ నూనే కొనుక్కుంటున్నాం. చెరువు ఉన్న ఎకరంలోనే కందులూ వేరుశనగా పండించుకుంటామంటే వచ్చేది ఇంతకంటే తక్కువే అవుతుంది.

రొయ్య పెరగాలన్నా దిగుమతే మూలం. 1990ల మొదట్లో టైగర్ రొయ్యతో ఈ తీరమంతా ఊగిపోయింది. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. 2009లో కేంద్రం వెనామీకి అనుమతి ఇచ్చాక గానీ మళ్లీ కోలుకోలేదు. ఇప్పటికీ తెగులు లేని తల్లి రొయ్యలు హవాయి లాంటి చోట్ల నుంచి విమానంలో చెన్నై వచ్చి, అక్కడి క్వారంటైన్‌లో ఉండి, ఆ తర్వాతే మన హేచరీలకు చేరతాయి. ఆ తల్లుల మీద, మేత సరుకు మీద వేసే ప్రతి రూపాయి దిగుమతి సుంకమూ తిరిగొచ్చి మన రొయ్య నెత్తినే కూర్చుంటుంది. దిగుమతి మీద పన్ను చివరికి ఎగుమతి మీద పన్నుగా మారుతుందని అబ్బా లెర్నర్ అనే ఆర్థికవేత్త 1936లోనే చూపించాడు. 2024 జులై బడ్జెట్‌లో తల్లి రొయ్యల మీద, మేత మీద సుంకాన్ని 5 శాతానికి దించడం అందుకే మంచి పని.

నూనె దగ్గర మాత్రం మన చేయి స్థిరంగా లేదు. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. 2025 మే నెలాఖరులో 10 శాతానికి దించారు. పెంచినప్పుడు రైతు కోసమన్నారు, దించినప్పుడు గృహిణి కోసమన్నారు. మధ్యలో ఏ ఇంటి మీద నెలకు ఎంత పడింది, ఏ రైతుకు ఎంత చేరింది అన్న లెక్క జనం ముందు పెట్టలేదు. ఆయిల్‌పామ్ సాగు పెంచడానికి 2021లో రూ.11,040 కోట్లతో జాతీయ పథకం పెట్టారు. అది తప్పనడం లేదు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేసియా ఉన్నట్టుండి పామాయిల్ ఎగుమతులు ఆపేసింది, మే 23 దాకా మళ్లీ వదలలేదు. అలాంటి రోజుల కోసం ఇంట్లో కొంత పండించుకోవడం బీమా లాంటిది. బీమా అన్నప్పుడు ప్రీమియం ఎంతో తెలియాలి కదా. మలేసియాలో వానకు పెరిగే చెట్టును మన మెట్టలో బోరు నీళ్లు పోసి పెంచుతున్నాం. ఆ నీళ్లతో, ఆ నేలలో ఇంకేం పండేది? ఆ అంకె కూడా పథకం కాగితం మీద ఉండాలి.

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ ఎంత గగ్గోలు పుట్టిందో తెలిసిందే. దాని మీద డంపింగ్ వ్యతిరేక సుంకం, సబ్సిడీ సుంకం అదనం. నిజానికి ఆ ఏడాది ఏప్రిల్‌లో మొదటి ప్రకటన రాగానే, సుంకం అమలు కాకముందే, గట్టు మీద రొయ్య రేటు పడిపోయింది. దెబ్బ ముందుగా తగిలేది చివర ఉన్నవాడికే. ఆ రైతు రొయ్యల పట్టుబడిని ఎక్కువ రోజులు ఆపుకోలేడు, ఆపితే మేత ఖర్చు పెరుగుతుంది, తెగులు భయం వెంటాడుతుంది. అమెరికా తాను తినే రొయ్యల్లో 90 శాతం దాకా బయటి నుంచే కొంటుంది కాబట్టి వాళ్ల వినియోగదారుడికీ భారమే అయింది. మెక్సికో గల్ఫ్‌లో పడవల మీద వేటాడేవాళ్లకు కొంత ఊరట దొరికింది. ఆ ఊరటకు అమెరికా ఎంత చెల్లించిందన్నది వాళ్లు చూసుకోవలసిన లెక్క.

మనం చూసుకోవలసింది వేరే ఉంది. 2024-25లో దేశం ఎగుమతి చేసిన శీతలీకరించిన రొయ్యలు సుమారు 7.41 లక్షల టన్నులు. అందులో దాదాపు 3.12 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లాయి, అంటే నూటికి 42 పాళ్లు. దేశంలో పండే వెనామీలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే గనుక ఆ 42 పాళ్ల బరువూ ఎక్కువగా మన మీదే ఉంది. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడటానికి కూడా ఒక ఖరీదు ఉంటుంది. రేటు బాగున్నన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. యూరప్ 2016లో మన రొయ్యల లాట్లలో సగానికి శాంపిళ్లు తీసి యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షించడం మొదలుపెట్టింది. ఆ బాధ ఎందుకని చాలామంది అటు వెళ్లడమే మానేశారు. చెరువులో ఏ మందు ఎప్పుడు వేశామో రాసుకోవడం, ల్యాబుకు పంపడం ఖర్చే. రాయకపోవడం ఎంత ఖర్చో 2025లో తెలిసొచ్చింది. ఆ సెప్టెంబరులో యూరప్ మన దేశంలోని మరో 102 మత్స్య యూనిట్లకు అనుమతి ఇచ్చింది, జులైలో బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. తలుపులు తెరుచుకున్నాయి, మన లెక్కల పుస్తకాలు అటు వెళ్లేంత శుభ్రంగా ఉండాలి.

'వాళ్లు కొనకపోతే మనమే తిందాం' అన్న మాట అమెరికా సుంకం పడిన ఆ రోజుల్లో గట్టిగా వినిపించింది. రొయ్యల వేపుడు నాకూ ఇష్టమే. తినేవాళ్లు పెరిగితే చెరువులకూ మంచిదే. అయితే దాన్ని విదేశీ మార్కెట్‌కు మారుగా చూపడం కుదరదు. న్యూయార్క్ ఇచ్చే ధర నెల్లూరు ఇవ్వనప్పుడు ఆ తేడా రైతు జేబులోంచే పోతుంది.

ఇప్పుడు మా క్లయింట్లకు నచ్చని మాట. రొయ్యలో మనకు కనిపించే లాభంలో కొంత మనది కాదు. ఆక్వా జోన్లలో చెరువుకు యూనిట్ రూ.1.50కి ఇచ్చే కరెంటులో మిగతా భారం ఇంకెవరో మోస్తున్నారు. రైతుకు సాయం చేయవద్దని నేననను. అయితే ఆ భారాన్ని పక్కన పెట్టేసి 'ఈ పంటలో మనకు తిరుగులేదు' అని చంకలు గుద్దుకోవడం మాత్రం లెక్క కాదు. కాల్వ చివరి ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లు, తాగడానికి టిన్ను నీళ్లు కొనుక్కోవాలి. చెరువు ఉన్నవాడూ కొంటాడు, చెరువు లేని కూలీ కూడా కొంటాడు. 2016లో తుందుర్రు ఊరి జనం ఆక్వా ఫుడ్‌పార్కు వద్దని రోడ్డెక్కినప్పుడు దాని మురుగు కలిస్తే గొంతేరు డ్రెయిన్ ఏమైపోతుందన్నదే వాళ్ల భయం. వాళ్లు అభివృద్ధికి అడ్డుపడుతున్నారన్నవాళ్లున్నారు. నా కళ్లకు వాళ్లు పుస్తకంలో లేని పద్దు రాయమని అడిగినవాళ్లు.

వ్యాపారం వల్ల దేశం మొత్తానికి మిగులుతుందని సిద్ధాంతం రుజువు చేస్తుంది. ఆ మిగులులోంచి నష్టపోయినవాళ్లకు పూడ్చవచ్చని కూడా చెబుతుంది. పూడుస్తారని మాత్రం ఎక్కడా హామీ ఇవ్వలేదు. ఆ పని రికార్డోది కాదు, పంచాయతీది, అసెంబ్లీది, పార్లమెంటుది.

కాబట్టి నేను అడిగేవి నాలుగు. ఒకటి, వరికి వేసినట్టే రొయ్యకూ సొంత భూమి కౌలు, సొంత డబ్బు వడ్డీ కలిపి సీ2 ఖర్చు ఏటా ప్రకటించాలి, చెరువుకు అప్పిచ్చే బ్యాంకు ఆ కాగితం రైతు చేతిలో పెట్టాలి. రెండు, ఏ దిగుమతి సుంకం పెంచినా అది ఒక సామాన్య కుటుంబం మీద నెలకు ఎంత పడుతుందో ప్రకటనతో పాటే చెప్పాలి. మూడు, ఎగుమతి ఆదాయంలో చిన్న వాటా ఆ చెరువులున్న పంచాయతీల తాగునీటికి, ఒలుపుడు బల్లల దగ్గరి మహిళల పీఎఫ్, ఈఎస్ఐలకు నేరుగా వెళ్లాలి, కాంట్రాక్టరు చేతి మీదుగా కాదు. నాలుగు, చిన్న రైతుకు అవశేషాల పరీక్ష ఊరికి దగ్గరలో ఉచితంగా జరగాలి, అప్పుడే రెండో కొనుగోలుదారు, మూడో కొనుగోలుదారు దొరుకుతారు.

ఇవన్నీ రాస్తే రొయ్యలో లాభం సన్నగా కనిపిస్తుందని గొణిగేవాళ్లుంటారు. కనిపించనివ్వండి. అన్నీ రాశాక కూడా మిగిలే చెరువులు ఈ జిల్లాలో బోలెడున్నాయి. అవి సుంకానికీ తెగులుకూ తట్టుకుంటాయి, వాటికి అండగా నిలబడాలి. మిగలని చోట ఆ నేలను వరికో కొబ్బరికో ఉంచుకోవడం మేలు. ఒకసారి ఉప్పెక్కిన నేల మళ్లీ వరికి దారిన పడాలంటే ఏళ్లు పడుతుంది, తవ్వాక తీరిగ్గా పశ్చాత్తాపపడే వెసులుబాటు ఇందులో లేదు. అందుకే ఈ లెక్క పొక్లెయిన్ చేలోకి దిగకముందే వేసుకోవాలి.